సందోళ్ళలో వెలి లేదు

ఆ జాబితా ఒక మంగళవారం పొద్దున నా ఫోన్‌కు వచ్చింది. పదకొండు శీర్షికలు. ఆకారం, ఆహారం, నివాసం, మాట, పాలన, వృత్తులు, పెళ్ళి, పండుగలు, శత్రువులు, శిక్షలు, చావు. కింద ఒక వాక్యం: "మొత్తం నలభై పేజీలు దాటకుండా చూడండి మేడమ్."

అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు నేను తిరుపతిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. శుభలేఖలు, స్తోత్రాల పుస్తకాలు, బడుల వార్షిక సంచికలు. ప్రెస్సు మూతపడ్డాక కొన్నాళ్ళు ఖాళీగా ఉన్నాను. అక్కడ నాతో పనిచేసినావిడే ఒక కంపెనీ సంగతి చెప్పింది. వాళ్ళు ఫోన్‌లో వినే కథలు తయారు చేస్తారు. మనుషులు కాని జీవాల సమాజాన్ని ఒకదాన్ని ఊహించి, దాని మీద వరసగా కథలు రాయించాలని వాళ్ళ ఆలోచన. పదిమంది రచయితలు పది ఊళ్ళలో కూర్చుని రాస్తారు. ఒకరి కథలో ఆ జీవాలు నీళ్ళు తాగి, ఇంకొకరి కథలో నీళ్ళంటేనే ఎరగమంటే కుదరదు. అందుకని అవి ఎలా ఉంటాయి, ఏం తింటాయి, దేనికి పోట్లాడుకుంటాయి అన్నదంతా ముందే ఒకచోట రాసిపెట్టాలి. దాన్ని వాళ్ళు గైడు అంటారు. నమూనాగా నేను పంపిన రెండు పేజీలు నచ్చి, ఆ గైడు రాసే పని నాకిచ్చారు.

ఆ రెండు పేజీల్లో ఉన్నది సందోళ్ళు.

సందోళ్ళంటే రాతిగోడ సందుల్లో కాపురముండేవాళ్ళు. ఎత్తు బెత్తెడు. చింతాకుల్లాంటి చెవులుంటాయి గానీ అవి వట్టి అలంకారం. వాళ్ళు వినేది, నీళ్ళు పీల్చుకునేది అరికాళ్ళతో. పుట్టినప్పుడు రెండు తోకలుంటాయి, పెద్దయ్యేసరికి ఒకటి రాలిపోతుంది. మధ్యాహ్నపు ఎండకు కాలిన బండే వాళ్ళ పొయ్యి. ఎదురుపడితే "కాళ్ళు సల్లగుండాయా?" అని పలకరించుకుంటారు. కాళ్ళు కాలిననాడు వాళ్ళకు ఏమీ వినపడదు మరి.

నేనుండేది రేణిగుంట రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక వీధిలో, మూడో అంతస్తులో. ఒక గది, ఒక వంటిల్లు. నేను పెళ్ళి చేసుకోలేదు. నాయన పోయి తొమ్మిదేళ్ళయింది. రోజులో నాతో మాట్లాడేది కింది ఇంటావిడ ఒక్కతే, అదీ "మోటారు ఆపినారా?" అని. ప్రెస్సులో ఉన్నన్నాళ్ళు పక్కన ఎవరో ఒకరు గట్టిగా చదువుతుంటే నేను ప్రూఫుతో సరిచూసుకునేదాన్ని. ఇంట్లో ఆ పని కూడా నేనే చేసుకోవాలి. రాసిన వాక్యాన్ని పైకి చదువుదామని నోరు తెరిస్తే కొన్నిరోజులు గొంతు పెగిలేది కాదు. పొద్దుటి నుంచీ ఒక్క మాటైనా మాట్లాడలేదని అప్పుడు తెలిసేది.

మూడు వారాల్లో నూట పదహారు పేజీలు రాసి పంపాను. హైదరాబాదు నుంచి మా సంపాదకురాలు ఫోన్ చేసింది. చిన్న వయసు, మర్యాదగల పిల్ల. ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు, గొంతు మాత్రమే తెలుసు.

"చాలా బావుంది మేడమ్. కానీ ఇంత ఉంటే రచయితలు చదవరు. కథకు పనికొచ్చేది ఉంచండి. మిగతాది తీసేద్దాం."

"కథకు ఏది పనికొస్తుందో ముందే ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాను.

"గొడవ ఎక్కడ పుడుతుందో అదే పనికొస్తుంది మేడమ్," అంది ఆమె.

మాట బాగానే ఉందనిపించింది. పేజీలన్నీ ప్రింటు తీయించుకొచ్చి నేల మీద పరిచాను. ఫ్యాను వేస్తే ఎగిరిపోతాయని మే నెల ఎండల్లో ఫ్యాను లేకుండా కూర్చున్నాను. గోడలో ఏ సందుకు ఏ వేళకు ఎండ పడుతుందో తొమ్మిది పేజీలు రాసి ఉన్నాను. దాన్ని సగం పేజీకి తెచ్చాను. తెల్లవారుజామున బండ మీద చేరే మంచునీటికి వంతులు, ఆ వంతుల దగ్గర తగవులు ఉంచాను. రాలిన తోకలతో పిల్లలాడే ఆట తీసేయాలి. గొడవేమీ లేదు అందులో. తీసేసిన కట్టలో పెట్టాను. కాసేపటికి మళ్ళీ తీసి ఉంచే కట్టలో పెట్టాను. అలా ఆ కాగితం ఆ రోజంతా అటూ ఇటూ తిరిగింది.

మూడోరోజుకు ఒక సంగతి గమనించాను. తీసేయడానికి చేయి రానివన్నీ నేను ఊహించినవి కావు. అవి మా అన్నవి.

పని ఒప్పుకున్నప్పుడు ఒక కాగితం మీద సంతకం పెట్టాను. ఇందులో ఉన్నదంతా నా సొంత ఊహేనని దాని సారాంశం. సంతకం పెట్టేటప్పుడు అన్న గుర్తుకు రాలేదు. అబద్ధమెందుకు, వచ్చాడు. పక్కకు నెట్టేశాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆటలమ్మ పోసింది. అప్పుడు మేం చిత్తూరులో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాయన ఒక దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. ఇంటి వెనక గదిలో వేపాకు పరిచి నన్ను పడుకోబెట్టారు. అమ్మ తప్ప ఎవరూ లోపలికి రాకూడదు. ఆ గదికి వెనకవైపు ఒక చిన్న కిటికీ, దానికెదురుగా కూలిపోవడానికి సిద్ధంగా ఉన్న రాతిగోడ. నాకంటే మూడేళ్ళు పెద్దవాడైన మా అన్న బడి నుంచి వచ్చి ఆ కిటికీ కింద కూర్చునేవాడు. వాడి తల మాత్రం నాకు కనిపించేది. గోడ వైపు చూస్తూ, రేడియోలో వార్తలు చెప్పినట్టు చెప్పేవాడు: "పాపా, ఈ పొద్దు సందోళ్ళ పిల్లోడికి తోక రాలింది. వాళ్ళమ్మ వీధంతా చూపించింది."

నేను లోపల్నుంచి ప్రశ్నలడిగేదాన్ని. వాడు జవాబు చెప్పేవాడు. వాడికి తోచకపోతే నేను చెప్పేదాన్ని. జబ్బు తగ్గి గదిలోంచి బయటికొచ్చాక కూడా ఆ ఆట మేం వదల్లేదు. ఏళ్ళు సాగింది. ఒక్క ముక్క కాగితం మీద రాయలేదు. అదంతా మా ఇద్దరి తలల్లోనే ఉండేది.

అన్న ఇంటర్ చదివేటప్పుడు అమ్మ పోయింది. నేను డిగ్రీలో చేరిన తర్వాత ఏడు, ఇరవై రెండేళ్ళ అన్న ఐరాల నుంచి ఒక అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఇంటికి తీసుకొచ్చాడు. రైతుల పిల్ల, మా కులం కాదు. మేం వైష్ణవులం, ఇంట్లో పూజ, మడి, నాయనకు ఆఫీసులోనూ వీధిలోనూ ఒక పేరు. నాయన అరవలేదు. గడపకు అడ్డంగా నిలబడి, "నువ్వింక ఈ ఇంటికి రావద్దు," అన్నాడు, అంతే. ఆ అమ్మాయి లోపలికి వస్తామనుకుని అప్పటికే వాకిట్లో చెప్పులు విడిచింది. అన్న నాయన భుజం మీదుగా నా వైపు చూశాడు.

"పాపా, నువ్వన్నా చెప్పు."

నేను గచ్చు వైపు చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. తలెత్తేసరికి ఆ అమ్మాయి మళ్ళీ చెప్పులు తొడుక్కుంటోంది.

ఇది జరిగి ఇరవై ఆరేళ్ళు. నాయన తిరుపతికి బదిలీ అయి, రిటైరై, చివరిదాకా నాతోనే ఉన్నాడు. తన కర్మకాండ అన్న చేయకూడదని ముందే చెప్పి ఉంచాడు. చిన్నాన్న కొడుకు చేశాడు. అన్న శ్మశానం దాకా వచ్చి దూరంగా నిలబడి, పోయేముందు ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసి నా చేతిలో పెట్టాడు. ఈ తొమ్మిదేళ్ళలో ఆ నంబరుకు మూడుసార్లు చేశాను. మూడుసార్లూ "బాగుండారా?" "బాగుండాము" దగ్గరే ఆగిపోయింది.

నాలుగోసారి చేసినప్పుడు వదిన ఎత్తింది. ఆదివారం ఐరాలకు వస్తానని చెప్పాను. "బస్సు దిగినాక ఫోన్ చెయ్యి, ఆయన్ని పంపిస్తా," అంది.

జూన్ మొదటి వారం. చిత్తూరు పొలిమేరలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలిచి ఉన్నాయి. చిత్తూరులో బస్సు మారి ఐరాల చేరేసరికి పదకొండయింది. సంచిలో నూట పదహారు పేజీలున్నాయి. దారంతా ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించాను.

అన్న స్కూటర్ తీసుకుని వచ్చాడు. జుట్టు ముక్కాలు తెల్లబడింది. ఇంట్లో ఉన్నప్పుడు మేమందరం పలికినట్టే పలికేవాడు. ఇప్పుడు మాటంతా ఆ ఊరి మాట.

"ఎక్కు పాపా. సంచి నాకియ్యి, ముందర పెడతా."

వాళ్ళకు ఊరి చివర మామిడి నర్సరీ ఉంది. అంటు మొక్కలు కట్టి అమ్ముతారు. ఇల్లూ అక్కడే. వదిన నన్ను చూసి నవ్వింది గానీ ఆ నవ్వు ముఖమంతా రాలేదు. నేరుగా అన్నం దగ్గరే కూర్చోబెట్టింది. సంగటి, మామిడికాయ పప్పు, చెనిక్కాయలతో నూరిన ఊరిబిండి.

"పప్పులో ఎర్రగడ్డ ఎయ్యలేదు. నువ్వు తింటావో తినవో తెలీక," అంది.

"తింటాను వదినా, ఉల్లిపాయకు నాకేం పట్టింపు లేదు."

"అట్లయితే ముందే చెప్పుండాల్సింది," అంది. ఇంకో గరిటె పప్పు వడ్డించింది.

గోడ మీద ఒక అమ్మాయి ఫోటో ఉంది. అన్న కూతురని తెలుస్తూనే ఉంది, అచ్చం అమ్మ ముక్కు. వదిన నా చూపు గమనించింది. "తిరపతిలోనే గదా ఉండేది. నర్సింగ్. హాస్టల్లో రెండో సంవత్సరం."

నేనుండే ఊళ్ళోనే ఏడాదిపైగా నా మేనకోడలు ఉంది. ఏ బస్టాపులోనైనా పక్కపక్కనే నిలబడి ఉంటాం. నాకు ఆ పిల్ల పేరు కూడా తెలియదు. ముద్ద మింగి, "మంచి చదువు," అన్నాను.

భోజనాలయ్యాక అన్న షెడ్డు కింద కూర్చుని పని మొదలుపెట్టాడు. నాటు మొక్క తల కోసి, మేలురకం కొమ్మ పుల్లను దోపి, ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టడం. నేను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్న సంగతంతా చెప్పాను. కంపెనీ, గైడు, నలభై పేజీలు, సంతకం పెట్టిన కాగితం. వాడు తలెత్తకుండా విన్నాడు.

"సందోళ్ళు నీకింకా గుర్తుండారా?" అన్నాడు చివరికి.

"నీకు?"

"సదువు, సూస్తాం."

చదివాను. మొదటి పేజీలు మెల్లగా, తర్వాత తర్వాత వేగంగా. మధ్యలో వాడు కత్తి చేత్తో పట్టుకునే ఆపేవాడు. "తోక రాల్తే నొప్పి ఉండదని రాసినావు. ఉంటాది. పిల్లోళ్ళు ఏడస్తారు. అందుకే గదా ఆ ఆట." రాసుకున్నాను. "మంచు నీళ్ళకి వంతు ముసిలోళ్ళకి ముందు. అది లేదే?" అదీ రాసుకున్నాను. వదిన వక్కాకు నములుతూ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. పెళ్ళి అన్న శీర్షిక వచ్చేసరికి నేను ఆగాను. ఆ పేజీ ఖాళీ. మేం పిల్లలం కాబట్టి సందోళ్ళకు పెళ్ళిళ్ళ సంగతి ఎప్పుడూ అనుకోలేదు. ఇంట్లో కూర్చుని ఎన్నిసార్లు మొదలుపెట్టినా నాకు ఒక్క వాక్యం రాలేదు.

"ఏందీ, నిలిపేసినావు?" అంది వదిన.

"వాళ్ళు పెళ్ళిళ్ళు ఎట్లా చేసుకుంటారో తెలియలేదు వదినా."

ఆమె మా అన్న వైపు చూసింది. "ఇష్టమొచ్చినోళ్ళు ఇష్టమొచ్చినోళ్ళని చేసుకుంటారని రాయి. అయిపోతాది," అంది. లేచి లోపలికి పోయింది. నేను ఆ వాక్యం ఆ ఖాళీ పేజీ మీద ఆమె అన్నట్టే రాశాను.

తర్వాత శిక్షలు. ఆ భాగం నేను కష్టపడి రాశాను. సంపాదకురాలు కథలన్నిటికీ అదే ఆధారమంది. మంచునీళ్ళు దొంగిలించినవాణ్ణి, గోడ రాయి కదిలించినవాణ్ణి తెగ నుంచి వెలివేస్తారు, వాడి తోకకు మసి పూసి గోడ దాటిస్తారు అని రెండు పేజీలు. చదువుతుంటే అన్న చేతులు ఆగాయి.

"అది యాడిది?"

"కథకి కావాలన్నారు."

"సందోళ్ళలో యెలి లేదు పాపా. గోడకి అవతల ఏముండాది, పోయేదానికి?"

"నువ్వట్లా చెప్పావా? నాకు గుర్తు లేదు."

"నేను సెప్పలా. నువ్వే సెప్పినావు." పట్టీ చివర పళ్ళతో తెంపి, ఆ మొక్క పక్కన పెట్టి, నా వైపు తిరిగాడు. "ఆటలమ్మ పోసి లోపల ఉండావే, అప్పుడు. నీళ్ళు దొంగిలిచ్చినోణ్ణి రాజు బయటికి తరిమేసినాడని నేను సెప్పినా. నువ్వు లోపల్నించి ఏడుపు. వద్దు, బయటికి పంపొద్దు, ఆడ ఎవురూ ఉండరు, అని. అమ్మొచ్చి నన్ను తిట్టింది. తెల్లారి నువ్వే కొత్త శిక్ష సెప్పినావు."

"ఏం శిక్ష?"

"తప్పు సేసినోడు ఒక్కో పూట ఒక్కో ఇంట్లో కూసోని తినాల. అందురిండ్లలో. వాడు సేసిన తప్పు గురించి ఆ ఇంటోళ్ళు ఒక్క మాట అనకూడదు. తిని లేసేదాకా వాడికే సిగ్గుగా ఉంటాది గదా. అదే శిక్ష."

నాకు నిజంగా గుర్తు లేదు. ఇప్పటికీ లేదు. వాడు చెప్పింది వింటూ కూర్చున్నాను. అప్పుడే వాళ్ళింట్లో అన్నం తిని లేచి ఉన్నాను, ఇద్దరిలో ఎవరూ ఒక్క మాట అనలేదు. వాడు అది తలుచుకుని చెప్పాడని నేననుకోను. నా ముఖం చూసి తర్వాత గ్రహించాడేమో, గభాలున ఇంకో మొక్క తీసుకున్నాడు.

"రాసుకో అది. బాగుంటాది," అన్నాడు.

"నీ పేరు కూడా పెట్టమని అడుగుతాను."

"నా పేరెందుకు? వద్దు. ఆ కిటికీ సంగతి మాత్రం పెట్టొద్దు దాంట్లో. అది వాళ్ళకెందుకు?"

ఇక్కడ రాయడానికి మాత్రం మొన్న అడిగాను. నీ ఇష్టం అన్నాడు.

సాయంత్రం నాలుగింటి బస్సుకు తిరిగి బయల్దేరాను. వదిన ఒక సంచిలో కాయలు పెట్టిచ్చింది. బస్సు ఆగేచోట అన్న స్కూటర్ పక్కకు తీసి, నాతో పాటు నిలబడ్డాడు. చెప్పాలనుకున్న మాట దారి పొడుగునా నోట్లోనే ఉంది. దూరంగా బస్సు కనపడ్డాక గానీ బయటికి రాలేదు.

"ఆ రోజు నేను మాట్లాడలేదన్నా."

"నీకప్పుడు పంతొమ్మిదేండ్లు."

"మాట్లాడి ఉండచ్చు."

వాడు రోడ్డు వైపు చూశాడు. "ఉండచ్చు," అన్నాడు.

బస్సు వచ్చింది. ఎక్కాను. కిటికీ పక్కన చోటు దొరికి, కూర్చుని చూసేసరికి వాడు స్కూటర్ తిప్పేసుకున్నాడు. చిత్తూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్క సీటులో ఉన్న ముసలామె ఏమీ అడగకుండా తన నీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చింది.

మర్నాడు శిక్షల భాగం మొత్తం తీసేసి, మళ్ళీ రాశాను. ఒకటిన్నర పేజీ. పంపిన సాయంత్రమే సంపాదకురాలు ఫోన్ చేసింది.

"మేడమ్, శిక్షలు మార్చేశారేంటి? మొదటి పది కథలకీ వెలివేతే మూలం. వెలిపడ్డ వీరుడు తిరిగొచ్చి అందర్నీ కాపాడతాడు. రచయితలకి చెప్పేశాం కూడా."

"సందోళ్ళలో వెలి లేదమ్మా."

"మీరే రాశారు కదా మేడమ్?"

"తప్పు రాశాను."

ఆమె ఓపికగానే మాట్లాడింది. ఇది మనం ఊహించుకున్నదే కదా, మార్చుకోవచ్చు కదా అంది. న్యాయమే. ఆమెకు ఏమని చెప్పను? తొమ్మిదేళ్ళ పిల్ల ఏడ్చి పెట్టుకున్న చట్టమని చెబితే నవ్వుతుంది. నవ్వకపోయినా జాలిపడుతుంది. రెండూ నాకు వద్దు.

"అలాగైతే ఆ కథ వేరే జీవాలది చేసుకోండి. ఇవి సందోళ్ళు కాకుండా పోతాయి," అన్నాను. ప్రెస్సులో పద్దెనిమిదేళ్ళలో ఎవరికీ ఎదురు చెప్పింది లేదు. ఇతరుల తప్పులు దిద్దేటప్పుడు కూడా పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్నగుర్తు పెట్టి ఊరుకునేదాన్ని.

"పైవాళ్ళతో మాట్లాడి చెప్తాను మేడమ్," అని పెట్టేసింది.

నాలుగు రోజులు ఏ కబురూ లేదు. ఆ నాలుగు రోజులూ నాకు చాలా పొడుగ్గా గడిచాయి. పని లేదు. పంపాల్సింది పంపేశాను. మధ్యాహ్నాలు గోవిందరాజస్వామి గుడి వైపు నడిచి వెళ్ళి, జనంలో కాసేపు తిరిగి వచ్చేదాన్ని. అంతమందిలో నడుస్తూ, ఎవరి భుజం తగిలినా నాకు తెలిసేది కాదు. అన్నకు ఫోన్ చేద్దామనుకున్నాను. గైడు ఆగిపోయిందని చెప్పడానికా? అది తప్ప చెప్పడానికి మా మధ్య ఏముందో తెలియక ఫోన్ పక్కన పెట్టేశాను.

ఐదోరోజు సంపాదకురాలు ఫోన్ చేసింది. వెలిపడ్డ వీరుడి కోసం చెట్టుతొర్రల్లో ఉండే ఇంకో తెగను వేరే రచయిత చేత రాయిస్తున్నారు. ఇప్పుడు అసలు కథలన్నీ తొర్రల్లో ఉండేవాళ్ళవే. సందోళ్ళు పక్క ఊరివాళ్ళుగా అప్పుడప్పుడు వస్తారు. కాబట్టి గైడులో నా భాగం నలభై కాదు, పదిహేను పేజీలు చాలు.

"బాధపడుతున్నారా మేడమ్?" అంది.

"లేదమ్మా," అన్నాను. కొంచెం బాధగానే ఉంది.

పదిహేను పేజీలంటే చాలా పోతుంది. ఎండ లెక్కలు, వృత్తులు, పండుగలు అన్నీ పోయాయి. శత్రువులు అక్కర్లేదన్నారు, తొర్రలవాళ్ళకున్నవి చాలట. ఈసారి కాగితాలు పరచలేదు. ఏముంచాలో నాకు ముందే తెలుసు. పలకరింపు ఉంచాను. మంచునీళ్ళ వంతుల్లో ముసలివాళ్ళకు ముందు అని చేర్చాను. తోకల ఆట ఉంచాను, నొప్పితో సహా. శిక్ష ఉంచాను. చావు గురించి రాసిన నాలుగు పేజీలు తీసేశాను. అది మొత్తం నేనొక్కదాన్నే రాసింది, నాయన పోయిన ఏడు నా బుర్రలో తిరిగిన మాటలన్నీ అందులో పోశానని మళ్ళీ చదివితే తెలిసింది. సందోళ్ళకు దానితో సంబంధం లేదు.

పెళ్ళి దగ్గర సంపాదకురాలు అడిగింది: "ఇక్కడ ఒక్కటే వాక్యముంది మేడమ్. మిగతాది పంపడం మర్చిపోయారా?"

"అంతేనమ్మా. ఇంకేం లేదు."

"రచయితలు అడుగుతారేమో, అడ్డంకులు అవీ..."

"అడ్డంకులు లేవని చెప్పండి."

గైడుతో పాటు నింపి పంపాల్సిన ఫారంలో రాసినవాళ్ళ పేరుకు ఒక్కటే గడి ఉంది. పక్కన ఇంకొకరు సాయం చేశారని రాయవచ్చా అని అడిగాను. పేరు లేకుండా ఎలా రాస్తాం మేడమ్ అంది. అన్న వద్దన్నాడు. కాబట్టి నా పేరొక్కటే ఉంది. అది సరి కాదని నాకిప్పటికీ అనిపిస్తుంది. దానికి ఏం చేయాలో తెలియలేదు.

కథలు ఆషాఢంలో మొదలయ్యాయి. మూడో కథలో సందోళ్ళు వచ్చారు. నేను వంటిల్లు తుడుస్తూ విన్నాను. తొర్రలవాడొకడు దారి తప్పి గోడ దగ్గరికి వస్తే ఒక సందోడు "కాళ్ళు చల్లగున్నాయా?" అంటాడు. ఎవరో గొంతు పెద్దదైన నటుడు, మాటంతా పుస్తకాల మాట. వారం తిరక్కముందే అన్న ఫోన్ చేశాడు. తనంతట తాను చేయడం అదే మొదలు.

"కథ ఇన్న్యా. ఆ మొగాయన ఎవురు? సందోళ్ళు అట్లా అరస్తారా?"

"నేనేం చేసేదన్నా, వాళ్ళు పెట్టుకున్నారు."

"నీళ్ళు యా కాలుతో తాగుతారో రాసినావా?"

"ఆ సంగతే నాకు తెలియదే. ఎడమకాలా?"

"కుడికాలు. ఎడమకాలు ఇనేదానికి వదిలిపెట్టాల గదా."

"ఇప్పుడు చేర్చడానికి లేదు. గైడు అయిపోయింది."

"అయిపోయిందా," అన్నాడు. "సరే పాపా, ఉంటా మరి."

ఇప్పుడు పదిహేను రోజులకోసారి ఎవరో ఒకరం ఫోన్ చేస్తాం. ఎక్కువగా సందోళ్ళ గురించే మాట్లాడుకుంటాం, మిగతావి ఎక్కడ అందుకోవాలో తెలియదు కాబట్టి. ఇరవై ఆరేళ్ళలో వాడికి ఏ జబ్బులొచ్చాయో, వదిన అమ్మానాన్నలు ఉన్నారో లేదో, మొదట్లో ఎక్కడ తలదాచుకున్నారో నాకు తెలియదు. అడగబోతే వాడు మొక్కల మీదికి మాట తిప్పుతాడు.

మేనకోడలు ఒక ఆదివారం వచ్చింది. వాళ్ళమ్మ పంపిందట. "అత్తా" అని గుమ్మం దగ్గర నిలబడి పిలిస్తే, ఆ పిలుపు నాకని తట్టడానికి ఒక్క క్షణం పట్టింది. పులిహోర చేసి పెట్టాను. గంటసేపు కూర్చుంది. అందులో సగం ఫోన్ చూసుకుంది, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? హాస్టల్ తిండి గురించి చెప్పింది, ఆసుపత్రి డ్యూటీల గురించి చెప్పింది. పోయేముందు గది చుట్టూ చూసి, "ఒక్కదానివే ఎట్లుంటావత్తా?" అంది.

"అలవాటైంది," అన్నాను.

"నాకైతే అలవాటు కాదు," అంది చెప్పులు తొడుక్కుంటూ, మామూలుగా.

రెండు వీధుల అవతల బస్టాపు దాకా తోడు వెళ్ళాను. మళ్ళీ వస్తానంది. ఈ నెల పరీక్షలని రాలేదు.